అరవై రెండోసారి

“బ్రేకు ఎందుకు తొక్కలేదమ్మా?”

నిన్న పొద్దుటి నుంచి ఈ ప్రశ్న వేసినవాళ్లలో టేపు మేడం ఐదో మనిషి. ముందు అడిగిన నలుగురూ జవాబు కోసం అడగలేదు, ఒప్పుకోలు కోసం అడిగారు. అందుకే ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న టైలరమ్మ తలెత్తలేదు. ఎడమచేతి పిడికిలి బిగించి ఒడిలో పెట్టుకుని, దాన్ని కుడిచేత్తో కప్పుకుని కూర్చుంది.

టేపు మేడం ఇరవై రెండేళ్లు పోలీసు శాఖలో రోడ్డు ప్రమాదాల విభాగంలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా దర్యాప్తులు చేస్తోంది. హ్యాండ్‌బ్యాగులో అద్దం, దువ్వెన ఉండాల్సిన చోట కొలతల టేపు ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. మొదట్లో వెక్కిరింతకు పెట్టిందే. వెక్కిరించినవాళ్లు మూసేసిన మూడు కేసుల్ని ఆ టేపు మళ్లీ తెరిపించాక, అదే పేరును మర్యాదగా పిలవడం మొదలుపెట్టారు.

కేసు పైకి చూస్తే రెండు ముక్కల్లో అయిపోయేదే. నిన్న గురువారం ఉదయం ఏడూ ఇరవై రెండుకి, డ్రైవింగ్ స్కూలు ఆవరణలో, కారు ముందు నిలబడ్డ మాస్టారిని ఆయన కారే గుద్ది వెనక గోడకు అదిమేసింది. స్టీరింగు దగ్గర ఉన్నది ఆయన భార్య, ఈ టైలరమ్మ. మాస్టారికి తొడ ఎముక విరిగింది, తల గోడకు కొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ప్రాణభయం లేదన్నారు గానీ తెలివి ఇంకా రాలేదు. సాయంత్రం ఐదింటికి కారు కంపెనీ రిపోర్టు చేతికి రాగానే ఆమె మీద హత్యాయత్నం కేసు రాస్తానని ఇన్‌స్పెక్టర్ తేల్చి చెప్పాడు. ఇప్పుడు పదకొండు కావస్తోంది.

టేపు మేడంని పిలిపించింది మాస్టారి అక్కగారు. “మా తమ్ముణ్ణి గుద్దింది మా మరదలే. కానీ మా మరదలు గుద్దలేదు. ఈ రెండూ నిజమే. ఎలా నిజమో నువ్వు తేల్చిపెట్టు” అని ఫోను పెట్టేసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత సూటిగా కేసు అప్పజెప్పినవాళ్లు లేరని టేపు మేడం మనసులోనే ఆవిడకి దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు ఆ అక్కగారే మరదలి భుజం తట్టింది. “చెప్పవే. ఈవిడ పోలీసు కాదు, మన మనిషి.”

“తొక్కాలని నా కాలికి తెలీదమ్మా” అంది టైలరమ్మ, నేల చూపులు చూస్తూనే.

“అంటే?”

“ముప్పై ఏళ్లుగా మోటారు మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. కాలు నొక్కితే సూది కదుల్తుంది, తీస్తే ఆగుతుంది. వేలు సూది కిందికి పోతోందంటే నేను చూసేలోపే నా కాలు లేచిపోతుంది. ఈ కరెంటు కారు కొన్నాక ఆయన అదే చెప్పారు. ‘ఇది కూడా నీ మిషనేనే. నొక్కితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. రెండో పెడల్‌తో నీకింకా పనిలేదు’ అన్నారు. అందరికీ రెండూ కలిపే నేర్పుతారు. నాకు భయమెక్కువని ముందు అదొక్కటే నేర్పారు.”

టేపు మేడం పెన్ను మూసేసింది. ముఖ్యమైన మాటలు రాసుకోకుండా వినడం ఆమె అలవాటు.

“నిన్న కాలు తీశారా?”

“తెల్లగీత దగ్గరికి రాగానే తీశాను. ఆగలేదు. ఇంకాస్త పైకి లేపాను. అయినా ఆగలేదు. ఇంకా లేపాను. మోకాలు పైన స్టీరింగుకి కొట్టుకునేదాకా లేపాను.”

“మోకాలు చూపిస్తారా?”

కుడి మోకాలి చిప్ప పైన రూపాయి బిళ్లంత కమిలిన మచ్చ ఉంది. గుద్దాలనుకున్న మనిషి కాలు కిందికి పోతుంది. ఈవిడ కాలు పైకి పోయింది. నలుగురు అడిగారు గానీ ఒక్కరూ ఆ మోకాలు చూడలేదు. టేపు మేడంకి ఒళ్లు మండింది, దాంతోపాటే మనసు చివుక్కుమంది. భర్తని కాపాడుకోవడానికి ఆవిడకు తెలిసిన ఒకే ఒక్క పని కాలు ఎత్తడం. ఆ పనినే ఎత్తగలిగినంత ఎత్తుకు చేసింది.

“‘ఏదో ఒకరోజు గుద్దేస్తా చూడండి’ అని మీరు ఆయనతో అన్నారట. నేర్చుకోవడానికి వచ్చిన ఒకాయన చెప్పాడు.”

“రోజూ అంటాను. ఆయన అలా ఎదురుగా చెయ్యి చాపి నిల్చుంటే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ‘గుద్దేస్తా, తప్పుకోండి’ అంటాను. ‘నువ్వా? నన్నా?’ అంటారు ఆయన. అందరూ నవ్వుతారు.”

ఆ నవ్వు మాత్రం ఇన్‌స్పెక్టర్ కాగితం మీదికి ఎక్కలేదు. మాట ఒక్కటే ఎక్కింది.

“నిన్న కారులో ఏదైనా తేడా అనిపించిందా?”

“కూర్చోగానే సీటు దానంతటదే వెనక్కి పోయింది. కాళ్లు అందలేదు, ముందుకు జరుపుకున్నాను. వెనక అద్దంలో చూస్తే కారు కప్పు కనపడింది. ఆయన ఎప్పుడూ అన్నీ సర్ది పెడతారు కదా, ఇవాళేంటిలా అనుకున్నాను. అడుగుదామనుకునేసరికి ఆయన గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపి నిల్చున్నారు. ఎంత సంతోషంగా ఉన్నారో ఆ మొహంలో…”

అక్కగారు మంచినీళ్ల సీసా అందించింది. టైలరమ్మ కుడిచేత్తోనే అందుకుని, మూత పళ్లతో తిప్పింది. ఎడమ పిడికిలి తెరవలేదు.

“కారు స్టార్ట్ చేసింది ఎవరు?”

“ఆయనే.” ఆ ఒక్క జవాబూ మిగతావాటికన్నా తొందరగా వచ్చింది. “అమ్మా, ఆయనకి తెలివి రాగానే ఏమంటారో నాకు తెలుసు. ఎందుకు గుద్దావని అడగరు. ‘నీకేం దెబ్బ తగల్లేదు కదా’ అంటారు. ఆ మాట నేనెలా వినను?”

టేపు మేడం లేచి, ఆవిడ భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, మెట్లు దిగింది.

డ్రైవింగ్ స్కూలుకి చేరేసరికి పన్నెండూ యాభై. గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్, కారు పక్కన కంపెనీ ఇంజనీరు ఉన్నారు. ఇంజనీరుకి ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా మీద మడత లేదు, మొహంలో అనుమానం లేదు. చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని, టేపు మేడం బ్యాగులోంచి టేపు తీయడం చూసి చిన్నగా నవ్వాడు.

“మేడం, సెకనులో వందో వంతు దాకా అన్నీ నా దగ్గరున్నాయి. మీరు నేల కొలిచి కనుక్కునేది ఏముంది?”

“నేల అబద్ధం రాయదు బాబూ. ఒక చివర పట్టుకో.”

అతను పట్టుకోలేదు. కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

మాస్టారి పద్ధతి ఊళ్లో అందరికీ తెలిసిందే. నేల మీద ఒక తెల్లగీత. దానికి ఆరు మీటర్ల అవతల ఆయన అరచెయ్యి చాపి నిలబడతారు. ఆయన వెనక మీటరున్నరలో గోడ. నేర్చుకునేవాళ్లు సైకిలు వేగంతో వచ్చి గీత మీద కాలు తీసేయాలి. కారు దానంతటదే మూడు మీటర్లలో ఆగుతుంది. ఆయన నడిచొచ్చి బానెట్ తట్టి, ముందు చక్రం ఆగినచోట సుద్దతో గీత పెడతారు. మనిషి ఎదురుగా ఉన్నా చెయ్యి వణక్కుండా ఉంటే సగం డ్రైవింగ్ వచ్చినట్టే అని ఆయన నమ్మకం. పిచ్చి నమ్మకమే. కానీ ఇన్నేళ్లలో ఆయన చొక్కాకి బానెట్ తగిలింది లేదు.

సుద్దగీతలు ఇంకా చెరిగిపోలేదు. టేపు మేడం ఒక్కోటీ కొలిచింది. రెండు మీటర్ల డెబ్బై. రెండూ తొంభై. మూడు. ఒక్కటి కూడా మూడూ పది దాటలేదు.

“ఈ గీతలన్నీ మీ కంపెనీ కారు సాఫ్ట్‌వేర్‌కి పంపిన కొత్త అప్‌డేట్ వచ్చాక పెట్టినవేనా?”

ఇంజనీరు ట్యాబ్లెట్ చూడకుండానే అప్పజెప్పాడు. “సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి అప్‌డేట్ మొదలైంది. ఒంటిగంటా యాభైకి పూర్తయింది. అప్పట్నుంచి బుధవారం సాయంత్రం దాకా ఈ గీత దగ్గర అరవై ఒక్కసార్లు కాలు తీశారు, అరవై ఒక్కసార్లూ ఆగింది. అందులో తొమ్మిదిసార్లు నడిపింది ఆవిడే. అరవై రెండోసారి ఆగలేదు. కారు అదే, అప్‌డేట్ అదే, గీత అదే. మరి మారిందేమిటి?”

“మీరే చెప్పండి.”

“సెట్టింగ్. నిన్న ఉదయం ఏడూ ఇరవైకి ‘కాలు తీస్తే ఆగే పద్ధతి’ తీసేసి ఉంది. అంటే కాలు తీసినా బండి జారుకుంటూ పోతుంది. ఆ నిమిషంలో కారులో ఉన్నది ఆవిడొక్కతే. తెర మీద మూడుచోట్ల నొక్కితే తప్ప ఆ సెట్టింగ్ మారదు. కాలు తీశాక గుద్దేదాకా దాదాపు రెండు సెకన్లు. బ్రేకు మీద కాలు పడలేదు. ఇంకేం కావాలి?”

లెక్క బాగానే ఉంది. బాగా ఉన్న లెక్కలంటేనే టేపు మేడంకి పడదు. ఆమె డ్రైవరు తలుపు తీసి లోపల కూర్చుంది. వెనక అద్దంలో నిజంగానే కారు కప్పు కనపడింది, ఆరడుగుల మనిషికైనా అది పనికిరాదు. స్టీరింగు కింది అంచున చిన్న గీరుడు. ఈ కారుకి తాళంచెవి బదులు కార్డే. ఆ తాళం కార్డు ఆనించే పలక అంచుకు నీలంరంగు దారప్పోగు ఒకటి చిక్కుకుని ఉంది. గోళ్లతో పట్టి తీసింది. చివర మిరియం గింజంత ముడి.

దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. దారం టైలరమ్మ దుకాణందే, యూనిఫారం నీలం. ముడి మాత్రం టైలరమ్మది కాదు. ముప్పై ఏళ్లు కుట్టిన చెయ్యి ఇంత లావు ముడి వెయ్యదు.

“కానిస్టేబుల్ గారూ, మాస్టారి జేబులో దొరికిన వస్తువుల జాబితా చదవండి.”

“కళ్లజోడు. రెండు సుద్దముక్కలు. చేతిరుమాలు. కారు తాళం కార్డు ఒకటి.”

టేపు మేడం ఇంజనీరు వైపు తిరిగింది. “తాళం కార్డు కారుకి ఆరు మీటర్ల దూరంలో, మాస్టారి జేబులో ఉంది. మరి కారు దేంతో కదిలింది?”

“ఆయనే ఆన్ చేసి, దిగి, ఆవిణ్ణి కూర్చోబెట్టి ఉంటారు.”

“డ్రైవరు తలుపు తెరిచి దిగితే మళ్లీ కార్డు ఆనించాలి. మీ కంపెనీ పుస్తకమే చెప్తోంది, నలభయ్యో పేజీ.”

ఇంజనీరు కారు లోపలి పలక వైపు వంగి చూశాడు.

“అయితే రెండో కార్డు ఉంది. లేదంటే మీ కారు చేతబడితో కదిలింది. రిపోర్టులో ఏది రాస్తారు?”

“రెండో కార్డు ఉంటే మాత్రం? ఏ కార్డయినా కారు ఒకటేగా!”

“ఏడూ ఇరవైకి సీటు వెనక్కి పోయింది. అద్దం పైకి పోయింది. మీరు చెప్పే సెట్టింగూ అప్పుడే మారింది. ఈ మూడూ ఏయే సెకన్లలో జరిగాయో మీ దగ్గరుంటుంది కదా. మీరు ఇన్‌స్పెక్టర్‌కి పంపిన ముసాయిదా నేనూ చూశాను. ఒకటో పేజీ, రెండో పేజీ, ఆ తర్వాత నాలుగో పేజీ. మూడోది ఏమైంది?”

“అది కంపెనీ లోపలి సమాచారం. పైవాళ్లు ఇవ్వొద్దన్నారు.”

“మీరు చూశారా?”

“చూడాల్సిన అవసరం రాలేదు.”

“సోమవారం నుంచి మీ కార్లు కొన్నవాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. ఒకాయన హారన్ నొక్కితే పాట వస్తోందట. ఒకావిడ వానలో వైపరు మీట వెతుక్కుంటూ రోడ్డు పక్కన ఆగిపోయిందట. పురుడు పోయాల్సిన డాక్టరమ్మ, అప్‌డేట్ పూర్తయ్యేదాకా నలభై నిమిషాలు కారు పక్కన నిలబడిందట. ఇవన్నీ మీకు రాలేదా?”

“ఎందుకు రావు? కొత్తది ఏదొచ్చినా గోల చేస్తారు. రోజుకి రెండొందల ఫిర్యాదులు నేనొక్కణ్ణే మూస్తాను.”

“మూస్తారా, చదువుతారా?”

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. “చూడండి మేడం, ఇది మొదటి విడత మాత్రమే. అప్‌డేట్‌లో లోపం ఏమీ లేదని తేల్చాం. ఇవాళ సాయంత్రం ఆరింటికి మిగిలిన నలభై వేల కార్లకీ వెళ్తోంది. మీరు దారప్పోగులు పట్టుకుని ఆపలేరు.”

టేపు మేడం టేపు చుట్టి బ్యాగులో పడేసింది. “నేను ఆపలేను. నువ్వు ఆపగలవేమో ఒకసారి ఆలోచించు. ఆ మూడో పేజీ మాత్రం చదువు నాయనా. నా కోసం కాదు. రేపు పొద్దున అద్దంలో నీ మొహం నువ్వే చూసుకోవాలి.”

అతను ఆమె గేటు దాటాక కూడా, ట్యాబ్లెట్ తెరవకుండా చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

డ్రైవింగ్ స్కూలు రికార్డులు, నిన్న అక్కడున్నవాళ్ల వాంగ్మూలాలు చూసుకుని మళ్లీ ఆస్పత్రికి వచ్చేసరికి మూడూ నలభై. వరండాలో వదినా మరదళ్లు ఒకే దుప్పటి కప్పుకుని, ఒకే గోడకి ఆనుకుని కూర్చున్నారు. టేపు మేడం వాళ్ల ఎదురుగా నేల మీదే చతికిలపడి, నీలంరంగు దారప్పోగు బల్ల మీద పెట్టింది.

“ఈ ముడి మీది కాదు కదమ్మా.”

టైలరమ్మ ఆ దారాన్ని వేలితో తాకింది. ఎడమ పిడికిలి మెల్లగా విచ్చుకుంది. లోపల యూనిఫారం గుడ్డ ముక్కతో కుట్టిన చిన్న సంచి. అందులో తాళం కార్డు. సంచి నాలుగు వైపులూ నాలుగు కొలతల్లో ఉంది. కుట్టు ఒకచోట ఎక్కి ఒకచోట దిగి, చివరికి దిక్కుతోచక ఆగిపోయినట్టుంది.

“నిన్నటికి మా పెళ్లయి ముప్పై ఏళ్లు” అంది. “ఊరందరికీ కారు నేర్పాను, నా పెళ్లాం మాత్రం యూనిఫారాల మూటలు నెత్తిన పెట్టుకుని బస్సులెక్కుతోందని ఆయనకి ఎప్పుడూ బాధ. నాకు తెలీకుండా నా పేరు మీద ఈ కార్డు చేయించారు. నేను లేనప్పుడు నా మిషన్ మీద కూర్చుని ఈ సంచి కుట్టారు. ముప్పై ఏళ్లలో ఆయన నా మిషన్ ముట్టుకోవడం అదే మొదలు. రెండు సూదులు విరగ్గొట్టారు కూడా. నిన్న ఏడూ ఇరవైకి కిటికీలోంచి నా చేతిలో పెట్టి, ‘ఇవాళ్టి నుంచి ఇది నీ కారు’ అన్నారు.”

అక్కగారు కళ్లు తుడుచుకోవడానికి మొహం తిప్పుకుంది.

“సీటు జరిగింది కూర్చోగానే కాదు కదూ?” అడిగింది టేపు మేడం.

“ఈ కార్డు ఆనించగానే జరిగింది. అబద్ధం చెప్పాను, క్షమించండి.” సంచిని మళ్లీ మూసి పట్టుకుంది. “అప్పుడే తెలియలేదు. ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. అన్ని రోజులూ ఆయన కార్డుతో నడిపాను, ఆగింది. ఒక్క రోజు నా కార్డుతో నడిపాను, ఆగలేదు. ఏం జరిగిందో నాకు తెలీదు గానీ, జరిగింది ఈ కార్డు వల్లే. ఆ సంగతి ఆయనకి తెలిస్తే… తను ముచ్చటపడి చేయించిందే తనని పడగొట్టిందని, దాన్నే నా చేతిలో పెట్టి నాచేత గుద్దించుకున్నానని తెలిస్తే ఆయన మళ్లీ నా మొహం చూడగలరా?”

“మీరు కార్డు ఇవ్వకపోతే ఐదింటికి హత్యాయత్నం కేసు. ఏళ్ల తరబడి జైలు.”

“ఉంటాను. అక్కడా మిషన్లు ఉంటాయట.”

“నోర్ముయ్యవే!” అక్కగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. “వాడు లేచి ‘అదేదీ’ అని అడిగితే నేనేం చెప్పాలి? కుట్టుపనికి వెళ్లిందని చెప్పనా?”

“నా పెళ్లాం కాలు తడబడిందని అనుకుంటారు వదినా. అది ఆయన క్షమించేస్తారు. నేనేం చేసినా క్షమించేస్తారు. తనని తాను మాత్రం క్షమించుకోరు. మీ తమ్ముడి సంగతి మీకు తెలీదా?”

అక్కగారికి తెలుసు.

టేపు మేడం ఇరవై రెండేళ్లుగా అబద్ధాలు విన్నది. తప్పించుకోవడానికి ఆడే అబద్ధాలు విని విని చెవులు మొద్దుబారాయి. ఇరుక్కోవడానికి ఇంత పట్టుదలగా ఆడే అబద్ధం ఇదే మొదటిసారి. కళ్లు చెమ్మగిల్లాయని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గేమీ అనిపించలేదు. కానీ గడియారం ఆగదు.

“అమ్మా, ఇవాళ ఆరింటికి ఇదే అప్‌డేట్ నలభై వేల కార్లకి వెళ్తోంది. రేపు ఇంకెవరో తండ్రి కూతురికి రెండో కార్డు ఇస్తాడు. ఆ పిల్ల కాలు తీస్తుంది, ఆగుతుందనుకుంటుంది. ముందు ఎవరుంటారో నాకు తెలీదు, మీకూ తెలీదు. దాన్ని ఆపాలంటే ఇన్‌స్పెక్టర్ చేతిలో ఈ కార్డు ఉండాలి, మీ మాట ఉండాలి.”

టైలరమ్మ కళ్లు మూసుకుంది. “నాకు అర్థమవుతోందమ్మా. నేనేం రాక్షసిని కాను. కానీ ఆయన మొహం చూసి ఈ మాట చెప్పాల్సింది నేనే కదా. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?”

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. వచ్చింది ఇన్‌స్పెక్టర్ కాదు, కంపెనీ ఇంజనీరు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుంది. జేబులో ఫోను మోగుతూనే ఉంది, అతను తీయడం లేదు. చేతిలో రెండు కాగితాలు.

“మూడో పేజీ” అని ఒకటి టేపు మేడంకి ఇచ్చాడు. “ఏడూ ఇరవై, ఆరో సెకను. కొత్త కార్డు ఆనించారు. అదే సెకనులో సీటు, అదే సెకనులో అద్దం, అదే సెకనులో ఆగే పద్ధతి, మూడూ మారాయి. మనిషి వేళ్లకి సాధ్యం కాదు. ఇంతకుముందు కొత్త కార్డు చేయిస్తే కారులో అప్పటికే ఉన్న సెట్టింగులే దానికీ వచ్చేవి. ఈ అప్‌డేట్‌లో అది మార్చేశారు. కొత్త కార్డంటే కొత్త మనిషి, అన్నీ కంపెనీ నుంచి వచ్చినప్పటిలా మొదటికి. ఆ మాట మాకే సరిగ్గా చెప్పలేదు.”

“రెండో కాగితం?”

అతను టైలరమ్మ వైపు తిరిగాడు. కళ్లెత్తలేకపోయాడు. “సోమవారం మధ్యాహ్నం రెండూ పదిహేనుకి మాస్టారు మాకు రాసిన ఉత్తరం. ఫిర్యాదుల్లో దొరికింది.”

“చదువు బాబూ” అంది టైలరమ్మ. గొంతు వినపడీ వినపడనట్టుంది.

అతను చదివాడు.

“అయ్యా, ఇవాళ మీ అప్‌డేట్ వచ్చాక హారన్ మారింది, తెర మీద బొమ్మలు మారాయి. వాటితో నేను సర్దుకుంటాను. నాకు కావాల్సింది ఒక్కటే. గురువారం నాడు మా ఆవిడ పేరు మీద కొత్త కార్డు చేయించి ఇస్తున్నాను. కొత్త కార్డు వల్ల కారు ఆగే పద్ధతిలో ఏమైనా తేడా వస్తుందా? మా ఆవిడకి కాలు తియ్యడం ఒక్కటే వచ్చు. కాలు తీశాక కారు ఆగకపోతే గుండె పగిలి చచ్చిపోతుంది. చాలా భయస్తురాలు. దయచేసి గురువారం లోపు చెప్పండి. తేడా వచ్చేట్టయితే కార్డు ఇవ్వను, ఇంకేదైనా కొనిస్తాను.”



“జవాబు వచ్చిందా?” అడిగింది టేపు మేడం.

“రెండూ పదిహేడుకి. ‘కొత్త కార్డు వల్ల కారు నడకలో ఎటువంటి మార్పూ ఉండదు. మీ ఫిర్యాదు మూసివేయబడింది.’” ఇంజనీరు కాగితం మడిచాడు. “ఆ జవాబిచ్చింది నేనేనమ్మా. రెండు నిమిషాలు. ఉత్తరం చివరిదాకా కూడా చదవలేదు.”

అక్కగారు చివాలున లేచింది. అతన్ని కొడుతుందనే అనుకుంది టేపు మేడం. టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆ కాగితం ఇలా ఇవ్వు.”

తీసుకుని, తనకు తనే మళ్లీ చదువుకుంది. చదువుతూ చదువుతూ ‘ఇంకేదైనా కొనిస్తాను’ అన్నచోట వేలు పెట్టి ఆగిపోయింది. నిన్నటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. భయంతో వచ్చింది కాదు. వదిన భుజం మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, అది ఆపకూడని ఏడుపని ముగ్గురికీ తెలిసింది.

ఇంజనీరు ఫోను మళ్లీ మోగింది. అతను టేపు మేడం చెవి దగ్గరకు వంగాడు. “పైవాళ్లు. నేను కాగితాలు తెచ్చానని తెలిసిపోయింది. అప్‌డేట్ ఆరింటికి కాదు మేడం, ఐదింటికే వదిలేస్తున్నారు. ఒకసారి అన్ని కార్లలోకీ వెళ్లిపోతే మా కంప్యూటర్లలో ఈ మూడో పేజీ అసలు రికార్డు మీద కొత్తది పడి ఇదంతా చెరిగిపోతుంది. రుజువు ఉండదు. పోలీసు నోటీసు వస్తే తప్ప ఆగదు.”

అదే సమయానికి ఇన్‌స్పెక్టర్ ఫైలు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గోడ గడియారంలో నాలుగూ పాతిక. నలుగురి మొహాలూ చూసి, ఏదో తన చేతుల్లోంచి జారిపోయిందని పసిగట్టినట్టు గుమ్మంలోనే ఆగాడు.

“వాంగ్మూలం ఇస్తారా, లేదా?”

టైలరమ్మ లేచి నిలబడింది. మొహం తుడుచుకుంది. గుడ్డసంచిలోంచి కార్డు బయటికి తీసి ఆయన చేతిలో పెట్టింది. సంచి మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. తర్వాత ఆ ఉత్తరం ఆయన ఫైలు మీద పెట్టి, నలగకుండా చేత్తో సాపు చేసింది.

“ఇస్తాను, రాసుకోండి. ఆయన ముందే అడిగారని మొదట రాయండి. నా సంగతి తర్వాత.”